ఎఱ్ఱ దీపము చెప్పు మాట: కాంతి తంతు వార్తా యంత్రముల అలారములను చదువు విధానము

మా వద్ద ఇంటర్మీడియెట్‌లో ద్వితీయ భాషగా తెలుగు చదువుకొని, పిమ్మట ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా ముగించి, ఒక టెలికాం కేంద్రములో ఉద్యోగమునకు కుదిరిన పూర్వ విద్యార్థి యొకడు ఆ మధ్య మమ్ము చూడవచ్చినాడు. కుశల ప్రశ్నలు అయిన తరువాత తన మనసును తొలచుచున్న ఒక రాత్రి సంగతి చెప్పినాడు. రాత్రి రెండు గంటల వేళ కేంద్రములో వాడొక్కడే ఉన్నాడు. తెరమీద ఎఱ్ఱని వరుస యొకటి కనిపించినది. ఒక కార్డు చెడినదని దాని భావము. ఆ యంత్రములో అటువంటి కార్డులు రెండు. ఒకటి పనిచేయుచుండగా రెండవది దానికి తోడుగా సిద్ధముగా నుండును. చెడినది తోడు కార్డు. వాడు లాగివేసినది పనిచేయుచున్న కార్డు. ఒక పట్టణపు ఫోనులన్నియు పదకొండు నిమిషములు మూగవోయినవి.

పై అధికారులు మందలించిరి, సంజాయిషీ వ్రాయించుకొనిరి. అంతటితో ఆ వ్యవహారము ముగిసినది. కాని వాని బాధ అది కాదు. ఆ పదకొండు నిమిషములలో ఏ యింట ఎవరికి ప్రాణము మీదికి వచ్చినదో, ఎవరు ఆసుపత్రికి ఫోను చేసి చేసి విసిగిపోయిరో వానికి ఎన్నటికిని తెలియదు. “ఇంగ్లీషు అక్షరాలు చదివాను సార్. కానీ అది ఎవరు ఎవరితో అంటున్న మాటో నాకు అర్థం కాలేదు” అన్నాడు.

ఆ మాట మమ్ము చాల దినములు విడువలేదు. ఎవరు, ఎవరితో, ఎవరిని గూర్చి పలికిరో తెలిసికొనుట భాష నేర్చినవారి పని గదా! అందువలన భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుల సాయముతోను, ఆ విద్యార్థి తెచ్చి యిచ్చిన యంత్ర వివరణ పుస్తకములతోను కొన్ని సాయంకాలములు కూర్చుండి ఈ పాఠమును సిద్ధపరచితిమి. మన కళాశాలనుండి ఏటేట కొందరు ఈ రంగమునకు పోవుచునే యున్నారు. వారికిది అక్కరకు వచ్చునని తలచుచున్నాము.

తంతువు, అందలి వెలుగు

ముందుగా రెండు మాటలు. గాజు తంతువు గుండా వెలుగును పంపి దూరదేశములకు వార్తలను చేర్చవచ్చునని లెక్కగట్టి చూపినవారు చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అను ఇద్దరు. గాజులోని మలినములను తొలగించి, కిలోమీటరునకు కలుగు నష్టమును 20 డెసిబెళ్లకు తగ్గింపగలిగినచో ఈ పని సాధ్యమగునని 1966లో వారు ప్రకటించిరి. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ మేరను సాధించిరి. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశమున తొలి కాంతి తంతు మార్గము 1979లో పుణె నగరమున పనిచేయ నారంభించినది.

డెసిబెల్ లెక్క తెలియనిదే అలారముల జోలికి పోరాదు. అది కష్టమైన లెక్క కాదు. 3 డెసిబెళ్లు తగ్గినచో వెలుగు సగమైనదని, 10 తగ్గినచో పదవ వంతైనదని, 20 తగ్గినచో నూరవ వంతైనదని అర్థము. అనగా 1966లో ఆ శాస్త్రజ్ఞులు కోరినది, ఒక కిలోమీటరు పోయిన తరువాత నూటికి ఒక వంతు వెలుగు మిగిలిన చాలునని. నేటి తంతువులో 1550 నానోమీటర్ల వెలుగునకు నష్టము కిలోమీటరునకు 0.2 డెసిబెల్ చేరువలో ఉన్నది. కావున పదునైదు కిలోమీటర్లు పోయిన పిమ్మట కూడ సగము మిగిలియుండును. ఒక మిల్లీవాటు వెలుగును సున్నగా పెట్టుకొని కొలుచు కొలతను డిబిఎం అందురు. సున్న డిబిఎం ఒక మిల్లీవాటు. మైనస్ 30 డిబిఎం దానిలో వెయ్యవ వంతు, అనగా ఒక మైక్రోవాటు.

ఈ వెలుగు కంటికి కనబడదు. పదకొండవ శతాబ్దమున కైరో నగరములో కితాబుల్ మనాజిర్ అను గ్రంథమును వ్రాసిన ఇబ్న్ అల్ హైతమ్, చూపు కంటినుండి వెలువడునది కాదనియు, వస్తువులనుండి వచ్చు వెలుగు కంటిలో ప్రవేశించుటచేతనే చూపు కలుగుననియు స్థాపించెను. ఆ మహనీయుని సిద్ధాంతమునకు ఈ యంత్రముల ముందు నిలిచినవారు ఒక అనుబంధము చేర్చుకొనవలెను. కంటిలో ప్రవేశించియు చూపు కలిగింపని వెలుగు కలదు. అది చూపును కలిగింపదు గాని చూపునకు హాని చేయగలదు. తంతువు కొనను కంటికెదురుగా పెట్టి “వెలుగు వచ్చుచున్నదా?” అని చూచుట ఎంతమాత్రమును కూడదు. దానికి పవర్ మీటరు ఉన్నది. విద్యార్థులు ఈ ఒక్క వాక్యమును మరువక యున్నచో మిగిలిన పాఠము మరచినను మాకు విచారము లేదు.

మూడు పురుషలు

అలారము అను మాట ఇటలీ భాషలో ‘ఆయుధములు పట్టుడు’ అని సైనికులను లేపు కేకనుండి పుట్టినది. కేక వినగానే కత్తి దూయుట సైనికునికి తగును. యంత్రము ముందున్నవాడు మాత్రము కేక వేసినవాడెవడో, గాయపడినవాడెవడో తెలిసికొనిన పిమ్మటనే చేయి చాపవలెను. ఇద్దరును ఒక్కరే యని భావించుటచేతనే పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి.

మన వ్యాకరణములో ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలు గలవు. నేను, నీవు, అతడు. ఎస్.డి.హెచ్. అను పద్ధతిలో నడచు కాంతి యంత్రముల ముఖ్యమైన అలారములు సరిగా ఈ మూడు పురుషలలోనే మాటలాడును.

ఎల్.ఓ.ఎస్. అనునది ఉత్తమ పురుష. “నాకు వెలుగు అందుట లేదు” అని ఆ యంత్రము తన అనుభవమును తాను చెప్పుచున్నది.

ఆర్.డి.ఐ. అనునది మధ్యమ పురుష. దీనిని పంపునది ఎదుటి యంత్రము. “నీవు పంపినది నాకు సరిగా చేరలేదు” అని అది మనకు తిరుగు మార్గమున తెలుపుచున్నది. మన వద్ద ఆర్.డి.ఐ. వెలిగినదనగా, మనకు అవతలివారి మాట చక్కగా వినబడుచున్నదనియే అర్థము. వినబడనిచో ఆ ఫిర్యాదు మన చెవికి ఎట్లు సోకును?

ఏ.ఐ.ఎస్. అనునది ప్రథమ పురుష. దారి మధ్యలోని యంత్రము పైనుండి రావలసినది రాకపోగా, క్రిందివారు కంగారు పడకుండుటకై అసలు వార్తకు బదులు వరుసగా ఒకట్లను పంపును. “నీకును నాకును నడుమ దోషము లేదు. అచ్చట, ఆ పైన, ఎవరికో ఏదో జరిగినది” అని దాని తాత్పర్యము.

ఉదాహరణముతో చూతము. హైదరాబాదు, భువనగిరి, జనగామ, వరంగల్లు అను నాలుగు చోట్ల నాలుగు యంత్రములు ఒకే వరుసలో ఉన్నవని ఊహింతము. ప్రతి రెండు కేంద్రముల నడుమ రెండు తంతువులు, పోవుటకొకటి, వచ్చుటకొకటి. భువనగిరినుండి జనగామకు వెలుగును తెచ్చు ఒక్క తంతువు మాత్రము తెగినది. ఏమగును? జనగామలో ఎల్.ఓ.ఎస్. వెలుగును. జనగామ తన బాధను తిరుగు తంతువు మీద తెలుపగా భువనగిరిలో ఆర్.డి.ఐ. వెలుగును. హైదరాబాదు వార్తలకొఱకు ఎదురుచూచుచున్న వరంగల్లునకు జనగామ ఏ.ఐ.ఎస్. పంపును. వరంగల్లు తనకు వార్త చేరలేదని మొదటి పలుకరియైన హైదరాబాదునకు మార్గపు ఆర్.డి.ఐ. పంపును. తెగినది ఒక్క తంతువు. నాలుగు పట్టణములలో నాలుగు దీపములు. వరంగల్లు యంత్రములో ఆ మార్గమున నూరు వలయములు నడచుచున్నచో నూరు ఏ.ఐ.ఎస్.లు ఒక్కసారిగా తెరనిండ పరచుకొనును. జనగామలో ఒకే ఒక వరుస. అల్లరి ఎక్కువ చేసిన వరంగల్లునకు బండి కట్టుకొని పోయినవాడు తెల్లవారువరకు అచ్చటనే తిరుగును. “నాకు” అని పలికిన యంత్రమును ముందు వెదకవలెను. అది ఈ కథలో జనగామ యొక్కటే.

ఇదే చోట కేబులు మొత్తము తెగినచో చిత్రము మారును. భువనగిరికి జనగామ మాట వినబడదు; జనగామకు భువనగిరి మాట వినబడదు. రెండు ప్రక్కలను ఎల్.ఓ.ఎస్. వెలుగును. రోడ్డు ప్రక్కన పొక్లెయిను కనిపించిన మార్గములలో ఇది మామూలే. జనగామలో విద్యుత్తు పూర్తిగా పోయినచో భువనగిరియు, వరంగల్లును తమ తమ వైపు ఎల్.ఓ.ఎస్. చూపును, జనగామ మాత్రము పలుకదు. అన్నిటికంటె పెద్ద ఆపద పొందినవాడు ఏమియు మాటలాడకపోవచ్చును. ఏ కేంద్రమునుండి అలారము రాలేదో దానిని గూర్చి కూడ ఆలోచింపవలెను.

ఈ సూత్రమునకు ఒక అపవాదము కలదు. అధిక శక్తిగల కొన్ని మార్గములలో లేజరు తనంతట తాను ఆరిపోవు ఏర్పాటు ఉండును. వెలుగు అందని యంత్రము, తంతువు ఎక్కడనో తెగియుండునని భావించి, అతుకువేయువారి కన్నులను కాపాడుటకై తన లేజరును కూడ ఆర్పివేయును. అప్పుడు తెగినది ఒక్క తంతువే యైనను రెండు ప్రక్కలను ఎల్.ఓ.ఎస్. కనబడును. కాబట్టి ఆ ఏర్పాటు తమ మార్గమున అమలులో ఉన్నదో లేదో ముందే తెలిసియుండవలెను. అది ఉన్న చోట లేజరు నడుమ నడుమ తనంతట తాను వెలిగి, మార్గము బాగైనదా యని పరీక్షించును గనుక, ఇప్పుడు ఆరియున్నది గదా యని తంతువు కొనను చూడరాదు.

మరికొన్ని అలారములు వీనికి ఉపవాక్యముల వంటివి. ఎస్.డి.హెచ్. వార్త 125 మైక్రోసెకనులకు ఒకటి చొప్పున, సెకనునకు 8,000 చట్రములుగా సాగును. ప్రతి చట్రము మొదట గుర్తు పట్టుటకు ఒక నియమితమైన అంకెల వరుస ఉండును. వెలుగు వచ్చుచు, ఆ గుర్తు మాత్రము చిక్కనిచో ఎల్.ఓ.ఎఫ్. అందురు. విరామ చిహ్నములు లేక, పదములు విడదీయక వ్రాసిన తాళపత్రమును చేతికిచ్చినట్లుండును. అక్షరములు కనబడును, వాక్యము ఎచ్చట ఆరంభమైనదో తెలియదు. వెలుగు మిక్కిలి సన్నగిల్లినప్పుడు గాని, వేఱు వేగముగల యంత్రమును పొరపాటున కలిపినప్పుడు గాని ఇట్లగును. పంపువాని పేరు సరిపోలలేదని చెప్పు అలారము టి.ఐ.ఎం. దీనికి తరచుగా కారణము ఎవరో తంతువును ఒక రంధ్రము బదులు ప్రక్క రంధ్రములో పెట్టుటయే.

ఎస్.డి.హెచ్. తరువాత వచ్చిన ఓ.టి.ఎన్. యంత్రములలో ఆర్.డి.ఐ.కి బదులు బి.డి.ఐ. అను పేరు వినబడును. పురుష మాత్రము మధ్యమ పురుషయే. వీనిలో తప్పులను దిద్దుకొను శక్తి కూడ ఉన్నది. అచ్చు తప్పులను దిద్దు ప్రూఫ్ రీడరు వలె అది పనిచేయును. మంచిదే. కాని ప్రూఫులు చక్కగా దిద్దబడినంత కాలము మూలప్రతి ఎంత పాడైనదో పాఠకునికి తెలియదు. ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా అంతయు కూలును. అందుచేత ఈ యంత్రములలో దిద్దుటకు ముందున్న తప్పుల సంఖ్యను అప్పుడప్పుడు చూచుచుండవలెను.

కొలిచి చూచుట

జనగామలో ఎల్.ఓ.ఎస్. అనుకొన్నాము. నేరస్థులు ముగ్గురు కావచ్చును: భువనగిరిలో వెలుగును పంపు కార్డు, నడుమనున్న తంతువు, జనగామలో వెలుగును అందుకొను కార్డు. కార్డు చేతికందునంత దగ్గర ఉన్నది. తంతువు నలువది కిలోమీటర్లు ఉన్నది. అందువలన చేతులు మొదట కార్డు మీదికి పోవును. ఇది మానవ స్వభావము. మా విద్యార్థి చెప్పినదానిని బట్టి, పనిచేయలేదని మరమ్మతునకు పంపబడిన కార్డులలో కొన్ని ఏ దోషమును లేకయే తిరిగి వచ్చును.

తంతువు నిడివి 40 కిలోమీటర్లు అనుకొందము. కిలోమీటరునకు 0.22 చొప్పున 8.8 డెసిబెళ్లు. రెండేసి కిలోమీటర్లకు ఒక అతుకు చొప్పున ఇరువది అతుకులు, ఒక్కొక్కటి 0.05 చొప్పున 1 డెసిబెల్. నాలుగు కనెక్టరులు, ఒక్కొక్కటి 0.3 చొప్పున 1.2. మొత్తము 11. భువనగిరి సున్న డిబిఎం పంపినచో జనగామకు మైనస్ 11 చేరవలెను. దూరమార్గమునకు వాడు ఎస్.టి.ఎం-16 కార్డు మైనస్ 28 వరకు వినగలదు. మైనస్ 9ని మించిన వెలుగును భరింపలేదు. అందుచేత ఇచ్చట పుష్కలముగా అవకాశమున్నది.

ఇప్పుడు జనగామలో, తంతువులు వచ్చి చేరు ఫ్రేము వద్ద పవర్ మీటరు పెట్టి కొలువవలెను. మీటరును సరియైన నానోమీటర్లకు త్రిప్పితిమా లేదా యని ముందు చూచుకొనవలెను. మైనస్ 11 చేరువలో వచ్చినచో తంతువు నిర్దోషి, భువనగిరి నిర్దోషి. దోషము ఫ్రేమునుండి కార్డు వరకు గల రెండు గజముల ప్యాచ్ కార్డులోనో, కార్డులోనో ఉన్నది. ఏమియు రానిచో భువనగిరివారిని లేపి వారి కార్డు వద్ద కొలువుమని చెప్పవలెను. వారికి సున్న వచ్చినచో ఇక నేరము దారిదే. రెండు కొలతలతో ముగ్గురు నేరస్థులలో ఇద్దరు విడుదలైరి. ఒక్క కార్డును లాగలేదు.

మైనస్ 19 వచ్చినచో? యంత్రము పనిచేయును, అలారము లేదు. క్రొత్తగా వచ్చినవాడు సరిగానే ఉన్నదని వెడలిపోవును. నిరుడు మైనస్ 11 ఉన్నదని రిజిస్టరులో చదివినవాడు మాత్రము 8 డెసిబెళ్లు ఎటు పోయినవని అడుగును. వెలుగులో ఆరవ వంతు కూడ మిగలలేదు గదా! పాత కొలత లేని క్రొత్త కొలతకు అర్థము సగమే. ఈ రిజిస్టరు వ్రాయుట పనికిమాలిన పనియని కొందరు తలతురు. మాకు మాత్రము ఆ కేంద్రములోని విలువైన వస్తువులలో అదియొకటి యని తోచినది.

ఆ 8 డెసిబెళ్లు సామాన్యముగా మురికిలో పోవును. వెలుగు నడచు నడుమ దారి వెడల్పు సుమారు 9 మైక్రోనులు మాత్రమే. తంతువు మొత్తము వెడల్పు 125 మైక్రోనులు. వ్రేలితో తాకిన కనెక్టరు కొనమీద నిలిచిన జిడ్డు, ఎగిరివచ్చి వ్రాలిన ధూళి కణము ఆ దారిని మూసివేయుటకు చాలును. చొక్కా కొంగుతో తుడుచుట వలన క్రొత్త ధూళి చేరును. పోగులు రాలని కాగితము, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, తుడుచుటకు ముందును తరువాతను చూచుటకు మైక్రోస్కోపు, ఇవి యుండవలెను. తుడుచుటకు ముందు ఆ తంతువులో వెలుగు లేకుండునట్లు చూచుకొనవలెను. మురికి కాకున్నచో వంపు. ఫ్రేము తలుపునకు నడుమ చిక్కిన ప్యాచ్ కార్డు 1310 నానోమీటర్ల వద్ద బాగుగనే కనబడి, 1550 వద్ద చాల వెలుగును పోగొట్టును. రెండింటను కొలిచినచో దోషము వంపుదో కాదో తెలియును.

తంతువు తెగినదని తేలినచో ఓ.టి.డి.ఆర్. అను పరికరము అక్కరకు వచ్చును. ఇది తంతువులోనికి చిన్న వెలుగు తునుకను పంపి, తిరిగివచ్చు మెరపును బట్టి దూరము చెప్పును. గాజులో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, కిలోమీటరునకు పోవుటకు 5, వచ్చుటకు 5, మొత్తము 10 మైక్రోసెకనులు పట్టును. 234 మైక్రోసెకనులకు మెరపు వచ్చినచో 23.4 కిలోమీటర్ల వద్ద తెగినదన్న మాట. కాని అది తంతువు నిడివి, రోడ్డు నిడివి కాదు. అతుకుల గుంటలలో చుట్టిపెట్టిన తంతువు, కేబులులోని మెలికలు లెక్కలో చేరును. కావున సమీపమునగల అతుకునుండి దూరము కొలుచుకొని త్రవ్వవలెను. ఈ పరికరమును తగిలించుటకు ముందు రెండు కొనలయందును యంత్రములను విడదీయవలెను. లేనిచో దీని తునుక కార్డును, కార్డు వెలుగు దీనిని చెఱచును.

పని నడచుచుండగా వచ్చు అలారములు

ఇంతవరకు చెప్పినవి వార్తలను ఆపు అలారములు. వానిని ఎవరును నిర్లక్ష్యము చేయరు; పట్టణమంతయు అడుగును గదా. మేము ఎక్కువగా చెప్పదలచినది పసుపు దీపములను గూర్చి. యంత్రము తన అలారములకు అత్యవసరము, ప్రధానము, అల్పము అని శ్రేణులు పెట్టును. సామాన్యముగా ఎఱుపు, నారింజ, పసుపు రంగులు. ఈ శ్రేణి ఇప్పటి నష్టమును బట్టి పెట్టినది, రేపటి నష్టమును బట్టి కాదు.

ఈ యంత్రములు మైనస్ 48 వోల్టులతో నడచును. ధన ధ్రువమును భూమికి కలుపుటచేత ‘మైనస్’ అందురు; పూర్వము భూమిలోని రాగి కేబులులు తుప్పు పట్టి తినివేయబడకుండుటకై పెట్టుకొన్న అలవాటు ఇది. ఒక్కొక్కటి రెండు వోల్టుల సెల్లులు ఇరువది నాలుగు వరుసగా కూర్చి బ్యాటరీ కట్టుదురు. ప్రతి యంత్రమునకు ఏ, బి అను రెండు దారుల విద్యుత్తు చేరును. బి దారి ఫ్యూజు పోయినచో పసుపు దీపము వెలుగును. యంత్రము నడచును, ఫోనులు మ్రోగును, ఫిర్యాదు రాదు. నెలలు గడచును. ఒకనాడు ఏ దారిలో ఎవరో స్క్రూ బిగించుచు చేయి జార్చుదురు. అంతట రెండు కాళ్లును లేవు. ఆ దినమున వ్రాయు నివేదికలో ఏ దారి దోషమే కారణమని వ్రాయుదురు. నిజమునకు ఆ నెలలన్నియు యంత్రము ఒంటికాలిమీదనే నిలిచియున్నది.

పంకా అలారము ఇంకను చిన్నచూపునకు గురియైనది. మూడు పంకాలలో ఒకటి ఆగినచో మిగిలిన రెండును వేగము పెంచుకొని లాగుకొని వచ్చును. మన ఎండాకాలములో, దుమ్ము పట్టిన జల్లెడ వెనుక, ఏ.సి. ఆగిన మధ్యాహ్నమున అవి చాలవు. వేడి హెచ్చినచో మొదట కష్టపడునది లేజరు. లేజరు రంగు డిగ్రీకి సుమారు 0.1 నానోమీటరు జరుగును. ఒకే తంతువులో అనేక రంగుల వెలుగులను పంపు డి.డబ్ల్యు.డి.ఎం. యంత్రములలో రంగుకు రంగుకు నడుమ ఎడము సామాన్యముగా 0.8 నానోమీటరు, కొన్నిటిలో అందులో సగమే. ఎనిమిది డిగ్రీలు హద్దు తప్పినచో ఒకరి వెలుగు పొరుగువాని వాకిట నిలుచును. అందుకే లేజరును చల్లగా నిలుపుటకు కార్డులోనే చిన్న శీతల యంత్రము పెట్టుదురు. అది అలసినప్పుడు వచ్చు అలారము అసలు మూలము జల్లెడలోని దుమ్ము కావచ్చును. క్రొత్త కార్డు తెప్పించుటకు ముందు జల్లెడ కడిగి చూచుట చౌక.

లేజరు వృద్ధాప్యమునకు వేఱొక అలారమున్నది. వయసు పైబడిన కొలది అంతే వెలుగు నిచ్చుటకు లేజరు ఎక్కువ విద్యుత్ప్రవాహమును కోరును. కార్డు దానిని అడిగినంత ఇచ్చుచు పోవును గనుక వెలుగు తగ్గదు, మీటరు తేడా చూపదు. ప్రవాహము హద్దు దాటినదను అలారము ఒక్కటే సాక్ష్యము. ఇది వచ్చినచో, ఉష్ణోగ్రత సరిగానే ఉన్నచో, ఆ కార్డు మార్పునకు పగటివేళ, తీరికగా, ముందే తేదీ పెట్టుకొనవచ్చును. అర్ధరాత్రివరకు ఆగనక్కర లేదు.

కార్డు లాగుట

చివరకు ఆ రాత్రి జరిగినదానికి వత్తము. తెరమీద చెడిన కార్డు స్థానము 9 అని ఉన్నది. ఆ అరలో స్థానముల లెక్క సున్నతో మొదలగును. మనవాడు ఒకటితో మొదలుపెట్టి తొమ్మిది లెక్కించినాడు. వాని చేయి ఆగినది 8వ స్థానమున. రెండు కార్డులును ప్రక్కప్రక్కనే ఉన్నవి. మన కళాశాలలో ఎడమనుండి చదువువారును, కుడినుండి చదువువారును కలరు. ఆ యంత్రమును చేసినవాడు ఎటునుండి ఎంతతో మొదలుపెట్టెనో ఇద్దరికిని తెలియదు. కావున లెక్కపెట్టరాదు. అరమీద అచ్చువేసిన అంకెను చదువవలెను, కార్డు ముఖముమీది దీపమును చూడవలెను, తెరమీది మాటతో రెండింటిని సరిచూడవలెను. మూడును ఒకే కార్డును చూపనిచో చేయి వెనుకకు తీసికొనవలెను. కొన్ని యంత్రములలో తెరమీదినుండి ఆజ్ఞ ఇచ్చి కార్డు దీపమును మినుకుమినుకు మనిపింపవచ్చును. అంతకంటె నమ్మదగిన గుర్తు లేదు.

గుర్తించిన తరువాత, ఆ కార్డు ఇప్పుడు భారము మోయుచున్నదా, తోడుగా ఉన్నదా యని తెరమీద అడుగవలెను. మోయుచున్నచో భారమును రెండవదానికి ఆజ్ఞతో మార్చి, మారినదని చూచి, తిరిగి రాకుండ బంధించి, అప్పుడు లాగవలెను. యంత్రము తనంతట తాను యాబది మిల్లీసెకనులలో మార్చుకొనును గదా యని కొందరు నేరుగా లాగుదురు. తోడు కార్డు బాగున్నచో మారును. బాగులేనిచో ఏమగునో ఆ పట్టణమునకు తెలిసినది.

మణికట్టునకు భూసంధానపు పట్టీ కట్టుకొనవలెను; మనకు తెలియని స్థిరవిద్యుత్తు కార్డులోని సన్నని అంగములను చంపగలదు, అదియు వెంటనే కాక కొన్ని వారములకు. ఖాళీయైన స్థానములో దీపము వేసి చూచి, వెనుక పలకమీది సూదులలో ఏదియైన వంగినదా యని పరికింపవలెను. వంగిన సూదిమీదికి క్రొత్త కార్డును త్రోసినచో అదియు పోవును, దాని తరువాతిదియు పోవును. క్రొత్త కార్డు రకము, దానిలోని సాఫ్ట్‌వేరు పాతదానితో సరిపోవలెను. పెట్టిన పిమ్మట అది లేచి కూర్చుండుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషములలో ఓపిక పట్టలేక మరల లాగువారు కలరు. వారివలన పాడైనవి కూడ కలవు. కార్డును పరీక్షించుటకు దాని వెలుగును దానికే త్రిప్పి పెట్టు అలవాటు ఉన్నది. దూరమార్గపు కార్డునకు నేరుగా అట్లు చేయరాదు. సున్న డిబిఎం వెలుగు మైనస్ 9 మాత్రమే ఓర్వగల కంటిలో పడును. నడుమ తగిన ఆటెన్యుయేటరు ఉండవలెను. పరీక్ష ముగియగానే ఆ త్రిప్పుడు తీసివేయుట మరువరాదు.

దీపములన్నియు పచ్చబడిన తరువాత కూడ వెంటనే ఇంటికి పోరాదు. యంత్రము తన తప్పులను పదునైదు నిమిషములకొక లెక్కగా, ఇరువది నాలుగు గంటలకొక లెక్కగా వ్రాసిపెట్టుకొనును. మొదటి పదునైదు నిమిషముల లెక్క సున్నతో నిండిన పిమ్మట, ఏ కార్డు, ఏ స్థానము, ఏ గంట, కొలత ఎంత అను సంగతులను రిజిస్టరులో వ్రాసి, విప్పిన కనెక్టరులకు మూతలు పెట్టి, మరునాటి లెక్కను చూడవలసినవాని పేరు క్రింద వ్రాయవలెను. మా విద్యార్థి కేంద్రములో ఇప్పుడు ప్రతి అరమీదను స్థానముల అంకెలు పెద్ద అక్షరములతో అంటింపబడి యున్నవట. తెలుగులో ఒక వరుస, ఉర్దూలో ఒక వరుస. రెండును సున్నతోనే మొదలగును.